తప్పు గుడ్డదా, బకెట్‌దా? ఇంట్లో వేసిన రంగు చెడినప్పుడు తేల్చుకునే పద్ధతి

తెల్ల కుర్తాను ముదురు నీలం చేద్దామని రంగు వేస్తే వెలిసిపోయిన బూడిద నీలం వచ్చింది. నల్ల టీషర్టు మీద బ్లీచ్ చల్లితే తెల్ల చుక్కలు రావాల్సిన చోట ఇటుక రంగు మరకలు తేలాయి. ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసేవి రెండే పనులు. గుడ్డను ఇల్లు తుడవడానికి పడేస్తారు, లేదా అదే బకెట్లో ఇంకో పొట్లం రంగు కుమ్మరిస్తారు. రెండోది మరీ దండగ. ఎందుకు చెడిందో తెలియకుండా రంగు పెంచుకుంటూ పోతే డబ్బులూ పోతాయి, గుడ్డా పోతుంది.

చెడిన గుడ్డను ముందు ఆరబెట్టండి. తడిగా ఉన్నప్పుడు ఏ రంగైనా ముదురుగానే కనిపిస్తుంది కాబట్టి తడి గుడ్డను చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. ఆరాక పగటిపూట కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. ఇప్పుడు తేల్చుకోవాల్సింది తప్పు గుడ్డదా, బకెట్‌దా అని. గుడ్డదైతే ఎన్ని పొట్లాలు పోసినా అంతే. బకెట్‌దైతే, అంటే రంగు, చాకలి సోడా, నీళ్లు, వేడి, సమయం వీటిలో ఏదైనా తేడా చేస్తే, సరిచేసుకోవచ్చు.

ముందుగా: ప్రతి బకెట్లో ఒక సాక్షి ముక్క

రంగు వేసే ప్రతిసారీ అసలు గుడ్డతో పాటు అరచేయంత తెల్ల కాటన్ ముక్క ఒకటి అదే నీళ్లలో వేయండి. దీన్ని సాక్షి ముక్క అనుకుందాం. ఒకే తానులోంచి మీటరు మల్లు గుడ్డ కొని, సోడా వేసి ఉడకబెట్టి, ఉతికి, ముక్కలు కత్తిరించి డబ్బాలో పెట్టుకుంటే చాలాకాలం వస్తుంది. ఒకే తాను అని ఎందుకంటున్నానంటే, సాక్షి మారిపోతే సాక్ష్యానికి విలువ ఉండదు.

సాక్షి ముక్కకు రంగు బాగా పట్టి, కుర్తాకు పట్టకపోతే తప్పు కుర్తాదే. అది పాలిస్టరో, కలనేతో (కాటన్‌లో పాలిస్టర్ కలిపి నేసిందో), లేదా దాని మీద ఏదో పూత ఉండి ఉంటుంది. రెండింటికీ పట్టకపోతే తప్పు బకెట్‌ది. రెండింటికీ పట్టి, ఉతికినప్పుడు రెండూ వెలిసిపోతే తప్పు సోడాలోనో, నానబెట్టిన సమయంలోనో, ఉతకడంలోనో ఉంది. అరచేయంత గుడ్డ ఇంత చెబుతుంది.

ముక్కల మీద మార్కర్‌తో నంబర్లు రాయకండి. రంగులో కాస్త నిలిచినా బ్లీచ్‌లో ఆ సిరా ఎగిరిపోతుంది. మూల దగ్గర కత్తెరతో చిన్న గాట్లు పెట్టండి: మొదటి ముక్కకు ఒక గాటు, రెండోదానికి రెండు. ఆరాక ప్రతి ముక్కనూ ఒక నోట్‌బుక్‌లో స్టేపుల్ చేసి పక్కన రాసుకోండి: గుడ్డ బరువు, రంగు ఎన్ని గ్రాములు, నీళ్లు ఎన్ని లీటర్లు, సోడా ఎంత, ఉప్పు ఎంత, ఎంతసేపు, ఏ నీళ్లు. ముక్కలో సగమే ఉతికి, ఉతకని సగాన్ని కూడా దాచితే ఇంకా మంచిది. ఎంత రంగు నిలిచిందో, ఎంత పోయిందో పక్కపక్కనే కనిపిస్తుంది.

చెంచాల లెక్క పనికిరాదు. ఒక్కో రంగు పొడి ఒక్కో బరువు తూగుతుంది. గ్రాముల్లో తూచే చిన్న తక్కెడ కొనుక్కోండి. ఇంకో సంగతి, రెండోసారి ప్రయత్నించేటప్పుడు ఒక్కదాన్నే మార్చండి. సోడా పెంచి, రంగు మార్చి, నీళ్లు వేడిచేసి, అన్నీ ఒకేసారి చేస్తే బాగా వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు.

గుడ్డ ఏమిటో తేల్చండి

షాపులో చెప్పిన మాటను, లేబుల్‌ను పూర్తిగా నమ్మకండి. "సిల్క్" అని అమ్మేవాటిలో పాలిస్టర్ ఎక్కువ. "కాటన్" అన్నవాటిలో కలనేత చాలా. కుట్టు మడతలోంచి నాలుగు దారాలు లాగి, స్టీలు ప్లేటు మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల ముట్టించండి. పక్కన నీళ్లు ఉంచుకోండి. కాటన్, విస్కోస్ కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిదవుతాయి. పట్టు, ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తాయి, మిగిలిన నల్ల పూస వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకుని గట్టి పూసలా మిగులుతుంది, నలగదు. బూడిదా గట్టి పూసా రెండూ కనిపిస్తే కలనేత. నిలువు దారాలు, అడ్డం దారాలు విడివిడిగా కాల్చండి, రెండూ ఒకటే అయి ఉండాలని లేదు.

ఇళ్లలో ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులు (కోల్డ్ డైలు అంటారు) కాటన్‌కు, విస్కోస్‌కు, నారకు పట్టుకుంటాయి. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ 1956లో ఈ రకం రంగులను మార్కెట్లోకి తెచ్చింది. వీటి గొప్పంతా రంగు దారం మీద కూర్చోకుండా దారంతో రసాయనికంగా ముడిపడటంలో ఉంది. ఆ ముడి పాలిస్టర్‌తో పడదు. కలనేత గుడ్డను ముంచితే కాటన్ దారం మాత్రం రంగెక్కి, పాలిస్టర్ దారం తెల్లగా ఉండిపోతుంది, మొత్తానికి బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. మొదట్లో చెప్పిన బూడిద నీలం కుర్తా కథ చాలాసార్లు ఇదే. అంతా చక్కగా రంగెక్కి కుట్లు మాత్రం తెల్లగా మెరుస్తుంటే కుట్టిన దారం పాలిస్టర్ అన్నమాట. దానికి మందు లేదు. కొందరికి అదే డిజైన్‌లా నచ్చుతుంది కూడా.

పాలిస్టర్‌కు డిస్పర్స్ రంగులు వేరే ఉంటాయి, అవి బాగా మరిగితే కానీ ఎక్కవు. పట్టుకు, ఉన్నికి యాసిడ్ రంగులు, వెనిగరో నిమ్మ ఉప్పో వేసి వేడి నీళ్లలో. ఆ రెండూ ఈ వ్యాసంలోకి తేను. "ముడతలు పడవు", "ఇస్త్రీ అక్కర్లేదు" అని అమ్మే చొక్కాలు నూరు శాతం కాటన్ అయినా రంగు సరిగా పట్టవు, వాటి మీద రెసిన్ పూత ఉంటుంది.

నీటి చుక్క పరీక్ష

రంగు మరకలు మరకలుగా, ఒకచోట ముదురు ఒకచోట లేత అయితే, రంగు కంటే ముందు గుడ్డ శుభ్రతను అనుమానించండి. కోరా గుడ్డలో సహజమైన మైనం ఉంటుంది, నేతలో పెట్టిన గంజి ఉంటుంది. రెడీమేడ్‌లో మెరుపు కోసం పూసినవి ఉంటాయి. పాత బట్టల్లో చంకల దగ్గర చెమట, డియోడరెంట్ మరకలు కంటికి కనిపించవు కానీ రంగు నీళ్లలో పడగానే బయటపడతాయి.

పొడి గుడ్డ మీద నాలుగైదు చోట్ల నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకిపోతే సిద్ధంగా ఉన్నట్టు. చుక్క తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే ఆ గుడ్డ ఇంకా శుభ్రపడలేదు. లీటరు నీళ్లకు 4, 5 గ్రాముల సోడా యాష్ (చాకలి సోడా పొడి), కాస్త డిటర్జెంట్ వేసి అరగంట నుంచి గంట ఉడకబెట్టండి. స్టీలు గిన్నె వాడండి, సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ నీళ్లు టీ డికాక్షన్ రంగులోకి మారితే ఎంత మురికి ఉండేదో అర్థమవుతుంది. మళ్లీ వంటకు వాడే గిన్నెను మాత్రం వద్దు, రంగులకు విడిగా ఒకటి పెట్టుకోండి.

బకెట్ తప్పులు

ముందు సరైన పద్ధతి క్లుప్తంగా చెబుతాను, తేడా ఎక్కడొచ్చిందో పోల్చుకోవడానికి. 250 గ్రాముల కాటన్ కుర్తా అనుకోండి. మధ్యస్థ రంగుకు 5 గ్రాముల రంగు పొడి, నలుపుకైతే దాదాపు 20 గ్రాములు. నీళ్లు 5 లీటర్లు, ఉప్పు 250 గ్రాములు. రంగును కొంచెం నీళ్లలో ముద్దలా కలిపి, పలచన చేసి, మల్లు గుడ్డలో వడకట్టి, ఉప్పు నీళ్లలో కలపండి. తడిపిన గుడ్డ వేసి ఇరవై నిమిషాలు కదుపుతూ ఉండండి. తర్వాత గుడ్డను పక్కకు తీసి, విడిగా కరిగించుకున్న 60 గ్రాముల సోడా యాష్ పోసి, కలిపి, గుడ్డను మళ్లీ వేయండి. గంటసేపు, అప్పుడప్పుడూ తిప్పుతూ.

రంగు పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి, మాస్క్, గ్లవ్స్ వేసుకోండి. ఈ పొడి ఊపిరితో లోపలికి పోతే కొందరికి అలర్జీ, ఉబ్బసం వస్తాయి. ఫ్యాన్ గాలికి ఎగిరిన పొడి దండెం మీది తెల్లబట్టల మీద పడుతుంది. కంటికి కనిపించదు, అవి తడవగానే ఎర్రగా నీలంగా చుక్కలు విచ్చుకుంటాయి. మీరు రంగు వేసే గుడ్డ మీద అలాంటి చుక్కలు కనిపిస్తే కూడా కారణం కరగని పొడే. వడకట్టడం మానేశారన్నమాట.

రంగంతా ఉతుకుల్లో పోయిందా? మొదట సోడా డబ్బా తీసి చూడండి. కావలసింది వంట సోడా కాదు, చాకలి సోడా, అంటే సోడా యాష్. వంట సోడాకు చాలినంత క్షారగుణం లేదు, రంగు దారంతో ముడిపడదు. అనుమానముంటే ఒక మగ్గు నీళ్లలో కలిపి, చిటికెడు పసుపు వేయండి. చాకలి సోడాకు పసుపు పారాణిలా ముదురు ఎరుపుకు తిరుగుతుంది. వంట సోడాకు అంత మార్పు రాదు. ఇంకో మెలిక ఉంది. చాకలి సోడా స్ఫటికాలుగా, పటికబెల్లం పలుకుల్లా ఉంటే దాని బరువులో మూడింట రెండొంతుల దాకా నీరే. పొడి సోడా యాష్ లెక్క ప్రకారం అవే గ్రాములు వేస్తే సోడా చాలదు. రెండున్నర రెట్లు పైనే వేయాలి.

సోడా సరిగ్గానే ఉందనుకుంటే, రంగు నీళ్ల వయసు చూడండి. సోడా కలిసిన క్షణం నుంచి రంగు దారంతోనూ ముడిపడుతుంది, నీళ్లతోనూ ముడిపడుతుంది. నీళ్లతో కలిసిపోయిన రంగు ఇక గుడ్డకు పనికిరాదు, చూడటానికి మాత్రం చిక్కగా అలాగే ఉంటుంది. అందుకే నిన్నటి బకెట్లో మిగిలిన చిక్కటి నీళ్లలో ఇవాళ గుడ్డ ముంచితే లేత మరక తప్ప ఏమీ రాదు. సోడా కలపని రంగు నీళ్లను ఫ్రిజ్‌లో కొన్ని రోజులు ఉంచుకోవచ్చు. తిండి పదార్థాల పక్కన పెట్టకండి, సీసా మీద పెద్దగా రాసి పెట్టండి.

వేడి సంగతి మన దగ్గర ఒక రకం, చలిదేశాల్లో ఇంకో రకం. న్యూజెర్సీలోనో చికాగోలోనో జనవరిలో గ్యారేజీలో బకెట్ పెట్టి రంగు పట్టలేదంటే వింత కాదు. ఈ రంగులకు కనీసం 20, 25 డిగ్రీలు ఉండాలి. గోరువెచ్చని నీళ్లు వాడి, బకెట్‌ను ఇంట్లోకి తెచ్చుకోండి. విజయవాడ మే నెలలో కష్టం తిరగబడుతుంది. టై అండ్ డైకి ముడులు వేసి, సోడా నీళ్లలో నానబెట్టి, రంగు పోసి, మేడ మీద పెట్టి వస్తే గంటలో ఎండిపోతుంది. ఎండిన గుడ్డలో రంగు పని ఆపేస్తుంది. అంచులు లేతగా, మడతల లోపల ముదురుగా ఉంటే ఇదే జరిగింది. ముడులు వేసిన గుడ్డను ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి నీడన పెట్టండి, రాత్రంతా తడి ఉండాలి.

బోరు నీళ్లు మరో చిక్కు. బకెట్ అంచున తెల్లగా గార కట్టే నీళ్లయితే, సోడా వేయగానే నీళ్లు మసకబారుతాయి, రంగు మసకేస్తుంది, ఉతికాక కూడా గుడ్డ సున్నం రాసినట్టు గరుగ్గా ఉంటుంది. రంగు కలిపేందుకు, చివరి వేడి ఉతుకుకు ఫిల్టర్ నీళ్లో వాన నీళ్లో వాడి చూడండి. నీళ్ల మీద అనుమానం తీరాలంటే అదే రంగులో ఒక సాక్షి ముక్కను బోరు నీళ్లలో, ఒకదాన్ని ఫిల్టర్ నీళ్లలో వేయండి, అంతే.

ఊదా రంగు పోస్తే అంచుల్లో గులాబీ, మధ్యలో నీలం విడిపోవడం చెడిపోవడం కాదు. పొట్లంలో ఉన్నది మిశ్రమం, రెండు రంగులూ ఒకే వేగంతో నడవవు. కొనగానే చిటికెడు పొడిని తడి టిష్యూ కాగితం మీద చల్లండి. ఏయే రంగులు కలిపారో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. నలుపు పొట్లంలో ఎన్ని రంగులున్నాయో చూస్తే ఆశ్చర్యపోతారు.

రంగు దిగుతూనే ఉంటే

మూడు నాలుగు ఉతుకుల తర్వాత కూడా నీళ్లు రంగుగా వస్తుంటే "రంగు మంచిది కాదు" అనేస్తారు. ఎక్కువసార్లు తప్పు ఉతికే పద్ధతిది. ముడిపడని రంగు గుడ్డలో ఇంకా ఉంది. చల్లటి నీళ్లలో ఎంతసేపు జాడించినా అది పూర్తిగా రాదు. ముందు చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు జాడించి సోడా, ఉప్పు పోగొట్టండి. తర్వాత పొగలు కక్కే వేడి నీళ్లలో కాస్త డిటర్జెంట్ వేసి పది పదిహేను నిమిషాలు నానబెట్టండి. నీళ్లు మార్చి మళ్లీ అంతే. ఉప్పు మిగిలి ఉంటే రంగు గుడ్డను వదలదు, అందుకే చల్లటి జాడింపు ముందు.

తడి గుడ్డ మీద తెల్ల మల్లు ముక్క వేసి వేడి ఇస్త్రీ పెట్టి నొక్కండి. తెల్ల ముక్కకు రంగంటకపోతే ఇక దిగదు. ముడులు వేసిన గుడ్డనైతే, ముడులు విప్పకుండానే కొళాయి కింద ధారగా నీళ్లు వదిలి పైపై రంగు పోయాక విప్పండి. ముందే విప్పి బకెట్లో ముంచితే తెల్ల భాగాలన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి.

కిరాణా కొట్లలో దొరికే, ఉప్పు వేసి మరగబెట్టే పాతకాలం రంగు పొట్లాల సంగతి వేరు. అవి ఎక్కువగా డైరెక్ట్ రంగులు. దారంతో గట్టిగా ముడిపడవు, ఎంత బాగా ఉతికినా కాస్త కాస్త దిగుతూనే ఉంటాయి. వాటిని విడిగా, చల్లటి నీళ్లలో ఉతుక్కోవాలి.

రంగు తీసేటప్పుడు: తీయడం కంటే ఆపడం కష్టం

రంగు వేయడంలో తప్పు జరిగితే రంగు పోతుంది. రంగు తీయడంలో తప్పు జరిగితే గుడ్డే పోతుంది, అదీ వెంటనే కాదు, మూడో ఉతుకులో. కాబట్టి ఇక్కడ నిదానంగా వెళ్లండి.

ఇంట్లో బట్టలకు వాడే ద్రవ బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. ఇది కాటన్ మీద మాత్రమే. పట్టు, ఉన్ని దీనిలో కరిగిపోతాయి. సాగే లైక్రా దారం ఉన్న లెగ్గింగ్స్, టీషర్టులు సాగుడు కోల్పోతాయి. జరీ ఉన్న చీర జోలికి వెళ్లనే వద్దు. వెనిగర్, నిమ్మ ఉప్పు, టాయిలెట్ క్లీనర్, అమోనియా ఉన్న ద్రవాలు, వీటిలో దేనితోనూ బ్లీచ్ కలపకండి, విషవాయువు వస్తుంది. బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని చేయకండి, మేడ మీదో పెరట్లోనో చేయండి. నీళ్ల ట్యాంకుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ వద్దు, కరగని పలుకు ఎక్కడ పడితే అక్కడ చిల్లు.

ఇక్కడ సాక్షి ముక్క మీరే స్వయంగా రియాక్టివ్ నలుపు వేసుకున్న మల్లు గుడ్డ. దాన్నీ, టీషర్టు లోపలి కుట్టు మడతనూ ఒక వంతు బ్లీచ్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో ముంచి చూడండి. సాక్షి ముక్క రంగు మారి టీషర్టు మారకపోతే ఆ టీషర్టుకు వేసిన రంగు బ్లీచ్‌కు లొంగదు. రెండూ మారకపోతే బ్లీచ్ సీసా పాతబడింది. ఎండలో, వేడిలో ఉన్న సీసా తొందరగా సత్తువ పోగొట్టుకుంటుంది, కాబట్టి పోయిన వేసవి సీసాతో ఈ వేసవి లెక్కలు కుదరవు.

పది, పదిహేను నిమిషాల్లో మార్పు రాకపోతే బ్లీచ్ చిక్కదనం పెంచకండి. అక్కడే అందరూ తప్పు చేస్తారు. రంగు లొంగనిదైతే చిక్కటి బ్లీచ్ రంగును వదిలేసి దారాన్ని తింటుంది. నెమలికంఠం రంగు దీనికి మంచి ఉదాహరణ. ఆ టర్కాయిస్ నీలాలు ఎక్కువగా రాగి ఉన్న రంగులు, బ్లీచ్‌కూ, కింద చెప్పబోయే రంగు తీసే పొడి హైడ్రోస్‌కూ సరిగా దిగవు. పైన అచ్చువేసిన పిగ్మెంట్ బొమ్మలూ, పాలిస్టర్ మీది రంగులూ అంతే.

నలుపు తెల్లగా మారుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నలుపు ఎన్నో రంగుల కలయిక కాబట్టి ఏది ముందు పోతే దాన్నిబట్టి ఇటుక రంగు, గోధుమ, గులాబీ, కొన్నిసార్లు ఆలివ్ పచ్చ మిగులుతుంది. కుట్టు మడత మీద తేలిన రంగే మొత్తం మీదా తేలుతుంది. అది నచ్చితే ముందుకు వెళ్లండి, నచ్చకపోతే అక్కడే ఆగండి.

కావలసిన రంగు రావడానికి కాస్త ముందే ఆపాలి. నీళ్లలో జాడించినంత మాత్రాన బ్లీచ్ ఆగదు, దారంలో మిగిలిన క్లోరిన్ పని చేస్తూనే ఉంటుంది. వెనిగర్‌తో ఆగుతుందన్నది తప్పుడు సలహా, పైగా ప్రమాదం. బాగా జాడించాక సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీళ్లలో పావుగంట నానబెట్టండి. పాత ఫోటో స్టూడియోల వాళ్లు హైపో అనేది అదే. బకెట్ నీళ్లకు రెండు చెంచాలు చాలు. అది దొరక్కపోతే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక వంతు, నీళ్లు పది వంతులు. ముంచగానే సన్నటి బుడగలు వస్తాయి, అది మిగిలిన క్లోరిన్ విరిగిపోతున్న గుర్తు. బుడగలు ఆగేదాకా ఉంచి, మామూలుగా ఉతకండి.

ఈ పని చేయకుండా ఆరేసిన గుడ్డను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. బ్లీచ్ పడిన చోటు కాగితంలా పెళుసుగా, అంచు కొద్దిగా పసుపుగా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఈతకొలను వాసన. అక్కడి దారం ఒకటి సూదితో లేపి రెండు వేళ్లతో లాగండి. బాగున్న దారం కాస్త సాగి టప్పున తెగుతుంది. కుళ్లిన దారం చప్పుడు లేకుండా ఊడివస్తుంది.

బ్లీచ్‌కు లొంగని చోట హైడ్రోస్, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్ పని చేయవచ్చు. ఇది రంగును వేరే దారిలో విరగ్గొడుతుంది. లీటరు నీళ్లకు 5 గ్రాముల సోడా యాష్ వేసి 60, 70 డిగ్రీలకు వేడిచేసి, దించి, 3 నుంచి 5 గ్రాముల హైడ్రోస్ చల్లి, తడి గుడ్డ వేసి మూతపెట్టండి. గట్టిగా కలియబెడితే గాలి కలిసి సత్తువ పోతుంది, కాబట్టి మెల్లగా తిప్పాలి. గంధకం వాసన ఘాటుగా వస్తుంది, ఆరుబయటే చేయండి. పొడి డబ్బాలో ఒక్క చుక్క నీళ్లు కూడా పడకూడదు, తేమ తగిలితే వేడెక్కి మంటలు రావచ్చు. తడి చెంచా పెట్టకండి. నీళ్లలోకి పొడి వేయాలి కానీ పొడి మీద నీళ్లు పోయకూడదు.

హైడ్రోస్‌తో ఒక తమాషా ఉంది. నీలం జీన్స్ వేస్తే పసుపు పచ్చకు తిరుగుతుంది, రంగు పోయిందని సంబరపడి దండెం మీద వేస్తే కళ్లముందే మళ్లీ నీలమవుతుంది. ఇండిగోకు అది స్వభావం. హైడ్రోస్ దాన్ని కరిగిస్తుంది, గాలి తగిలితే మళ్లీ మామూలు రూపానికి వస్తుంది. నీలిమందు తొట్టె పని చేసేదే ఈ సూత్రం మీద. చాలా నల్ల బట్టలకు వేసే సల్ఫర్ నలుపుదీ ఇదే దారి. హైడ్రోస్‌లో లేతబడి గాలికి మళ్లీ ముదిరితే మీ గుడ్డ మీద ఉన్నది సల్ఫర్ నలుపేమోనని అనుమానించండి. ఆ రెండింటికీ బ్లీచే సరైన మందు.

బ్లీచ్ నీళ్లనూ హైడ్రోస్ నీళ్లనూ ఒకే కాలువలో ఒకదాని వెంట ఒకటి పారబోయకండి. ఒకదాన్ని బాగా నీళ్లు పోసి కడిగేశాక రెండోది.

చెడినదాన్ని ఏం చేయాలి

ముందు దారం బలం చూడండి. కుళ్లిన గుడ్డ మీద ఇక రంగు ఖర్చు పెట్టొద్దు. దారం గట్టిగా ఉంటే దాదాపు ప్రతిదాన్నీ మళ్లీ వేసుకోవచ్చు. సూత్రం ఒకటే: ఉన్న రంగు ఎక్కడికీ పోదు, కొత్త రంగు దాని మీద చేరుతుంది. ఇటుక రంగు మీద లేత నీలం వేస్తే నీలం రాదు, బురద గోధుమ వస్తుంది. అదే ఇటుక రంగు మీద మెరూన్ వేస్తే నిండుగా వస్తుంది, ముదురు నేవీ వేస్తే నలుపుకు దగ్గరి కాఫీ రంగు వస్తుంది. పసుపు పారిన తెలుపు మీద ఆకుపచ్చలు, తుప్పు రంగులు బాగుంటాయి.

మరకలు మరకలుగా పట్టిన గుడ్డను ఒకే రంగుతో సమం చేయాలని చూడకండి. కింద ముదురుగా ఉన్నచోట ముదురుగానే తేలుతుంది. దాన్ని మళ్లీ నలిపి ముడులు వేసి ముదురు రంగు పోయండి, పాత మరకలు కొత్త మరకల్లో కలిసిపోతాయి. బ్లీచ్ చేసిన గుడ్డ మీద కొత్త రంగు వేసేముందు మాత్రం హైపో నీళ్లలో నానబెట్టి ఉతికారో లేదో చూసుకోండి. దారంలో దాక్కున్న క్లోరిన్ కొత్త రంగును కూడా తినేస్తుంది, మీరేమో పొట్లం మంచిది కాదనుకుంటారు. మొత్తం గుడ్డ ముంచేముందు అదే గుడ్డ కుట్టు మడతలోంచి కత్తిరించిన చిన్న ముక్కకు రంగు వేసి, ఉతికి, ఆరబెట్టి చూసుకోండి. కొత్త రంగు కుర్తాను మొదటి రెండుసార్లూ విడిగానే ఉతకండి.